గుంటూరు నుంచి స్పితి గొంపాలకు ఎలా వెళ్లాలి

కొత్తపేటలో మాది మందుల షాపు. ఏప్రిల్ దాటిందంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ల వాళ్లతో పాటు ఇంకో రకం గిరాకీ మొదలవుతుంది. "అక్కా, పిల్లలకు సెలవులు, మనాలి మీదుగా స్పితి పోతున్నాం. కొండల్లో తల తిరక్కుండా ఏదో మాత్ర ఉందట కదా, ఒక షీటు ఇవ్వు" అంటారు. షీటు సంగతి తర్వాత. ముందు నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఏ దారిలో వెళ్తున్నారు? మొదటి నాలుగు రాత్రులు ఎక్కడ పడుకుంటున్నారు? రెండోదానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. "ప్యాకేజీ వాళ్లు చూసుకుంటారులే అక్కా" అంటారు. ఆ ప్యాకేజీ కాగితం తీయించి చూస్తే, కొండల్లో రెండో రాత్రే చంద్రతాల్ సరస్సు దగ్గర గుడారంలో. అంటే 4,250 మీటర్ల ఎత్తు. మన గుంటూరు ఎత్తు 30 మీటర్ల చిల్లర.

నేనూ మా ఆయనా హిమాచల్ ప్రదేశ్‌లోని ఈ స్పితి లోయకు వెళ్లొచ్చి, ఉండబట్టలేక మళ్లీ వెళ్లాం. మంచు కోసమో ఫొటోల కోసమో కాదు, అక్కడి గొంపాల కోసం, అంటే బౌద్ధ మఠాల కోసం. కౌంటర్ దగ్గర నిలబెట్టి ఇదంతా చెప్పడం కుదరదు, వెనక లైను ఉంటుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎప్పుడు

మన సెలవులు రెండు: ఎండాకాలం, దసరా. మీ చేతిలో ఉంటే దసరా వైపే మొగ్గండి. మే నెలలో సిమ్లా వైపు దారి తెరిచే ఉంటుంది కానీ, మనాలి వైపు కుంజుమ్ కనుమ దగ్గర ఇంకా మంచు తీస్తూ ఉంటారు. ఆ దారి మామూలుగా జూన్‌లో తెరుచుకుని అక్టోబర్ దాకా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో స్పితిలో వాన తక్కువే. అది కొండల చాటున ఉన్న ఎండు లోయ, రుతుపవనం అంత లోపలికి రాలేదు. గొడవంతా దాని కింద ఉన్న కిన్నౌర్ జిల్లాలో. వానలకు అక్కడ కొండచరియలు విరిగి రోడ్డు మీద పడతాయి, ఒక్కోసారి రోజంతా వాహనాలు కదలవు. సెప్టెంబర్‌లో వానలు తగ్గి ఆకాశం తేటగా ఉంటుంది, బార్లీ చేలు పసుపు తిరిగి ఉంటాయి, కిన్నౌర్‌లో ఆపిల్ పండ్లు కోతకొస్తాయి. అక్టోబర్ మొదటి వారం దాటితే రాత్రుళ్లు సున్నాకు దిగుతుంది. పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి హోమ్‌స్టేల వాళ్లు బకెట్లతో నీళ్లిస్తారు. అది మీకు ఇబ్బంది కాదనుకుంటేనే అప్పుడు వెళ్లండి.

దారి

ఈ మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి: స్పితికి సిమ్లా వైపు నుంచి ఎక్కండి, మనాలి వైపుకు దిగండి. తిరగేసి చేయకండి.

కారణం చెబుతాను. ఎత్తు పెరిగేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. స్పితిలో పెద్ద ఊరైన కాజా సుమారు 3,700 మీటర్ల మీద ఉంది. అక్కడ ఒక్కో శ్వాసలో మనకు అందేది గుంటూరులో అందేదానిలో మూడింట రెండొంతులకు కాస్త తక్కువ. కోమిక్ ఊరికి ఎక్కితే సగానికి కొంచెం పైన. ఒళ్లు దీనికి అలవాటు పడగలదు, కానీ దానికి రాత్రులు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలనీ వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చారన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. మనాలి 2,000 మీటర్ల చిల్లర. అక్కడి నుంచి అటల్ సొరంగం దాటి గ్రాంఫూ, బాతాల్ మీదుగా ఒక్క పగలులో చంద్రతాల్‌కో కాజాకో చేరిపోవచ్చు. బండి చేరుతుంది. మీ ఊపిరితిత్తులు ఇంకా మనాలిలోనే ఉంటాయి.

సిమ్లా దారి పొడవైనదే, కానీ మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. విజయవాడ నుంచి ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్, కేరళ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. తొందరైతే గన్నవరం నుంచి విమానం. ఢిల్లీ నుంచి కాల్కా, అక్కడి నుంచి 96 కిలోమీటర్ల బుల్లి రైలు సిమ్లాకు. 1903 నాటి లైను అది, ఎక్కాల్సిందే. సిమ్లా 2,200 మీటర్లు, అక్కడ ఒక రాత్రి. తర్వాత రాంపూర్ మీదుగా రెకాంగ్ పియో. బస్సయితే పగలంతా పడుతుంది. పియోలో ఆగిపోకుండా పైనున్న కల్పా ఊరికి వెళ్లి అక్కడ రెండు రాత్రులు ఉండండి. కల్పా 2,960 మీటర్లు. ఎదురుగా కిన్నెర కైలాసం, చుట్టూ ఆపిల్ తోటలు. రెండో రోజు ఏమీ చూడకపోయినా పర్వాలేదు, ఒళ్లు దాని పని అది చేసుకుంటూ ఉంటుంది.

కల్పా నుంచి తాబో. దారిలో ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది. పచ్చదనం అక్కడితో సరి, ఆ పైన అంతా మట్టి కొండలే. నాకో ఊరు 3,660 మీటర్ల మీద ఉంటుంది. చిన్న చెరువు, దాని పక్కన పాత గుళ్లు. మధ్యాహ్నం అక్కడ తిని, చూసి, 3,280 మీటర్ల మీదున్న తాబోకు దిగి పడుకోవాలి. పగలు ఎత్తుకు వెళ్లి రాత్రికి కిందికి దిగడం మనలాంటివాళ్లకు మంచి పద్ధతి. తాబోలో రెండు రాత్రులు, ఆ తర్వాత కాజా. కాజా నుంచి పైనున్న లాంగ్జా, హిక్కిం, కోమిక్ ఊళ్లకు పగలు వెళ్లొచ్చి మళ్లీ కాజాలోనే పడుకోండి. పైన హోమ్‌స్టేలు బాగుంటాయి, నిజమే, కానీ మొదటిసారికి వద్దు.

బండి విషయం. హిమాచల్ ప్రభుత్వ బస్సు రోజూ పొద్దున్నే పియో నుంచి కాజాకు బయల్దేరుతుంది. ధైర్యం, ఓపిక ఉంటే అది చాలు. టికెట్ ముందురోజే కనుక్కోండి. నలుగురైదుగురు ఉంటే సిమ్లాలోనో పియోలోనో అక్కడి డ్రైవరుతో బండి మాట్లాడుకోండి. ఇక్కడి నుంచి మన డ్రైవర్ని తీసుకెళ్తానని ఒకాయన అన్నాడు. మన డ్రైవర్లు ఎంత గట్టివాళ్లయినా ఆ రోడ్డు మీద ఎదురొచ్చే లారీకి ఎవరు ఎక్కడ వెనక్కి తగ్గాలో అక్కడివాళ్లకే తెలుసు. సొంత బండి అయితే పియో దగ్గర ట్యాంకు నింపుకోండి, కాజా దాకా ఇంకో బంకు మీద ఆశ పెట్టుకోకండి.

మన దేశస్థులకు పర్మిట్ అక్కర్లేదు, ఆధార్ ఉంటే చాలు. అయితే మన గుంటూరు ఇళ్లలో సగం మందికి అమెరికా కొడుకులో కూతుళ్లో ఉంటారు కదా. వాళ్లది విదేశీ పాస్‌పోర్టు అయితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పియో దాటి తాబో వైపు వెళ్లడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. సిమ్లాలోనో పియోలోనో తీసుకోవచ్చు. ఆఫీసు సెలవు రోజున అక్కడ దిగకుండా చూసుకోండి.

మందుల సంచి

ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. మీ డాక్టరుకు చూపించుకోకుండా కింద రాసినవి మొదలుపెట్టకండి.

అందరూ అడిగే మాత్ర అసిటజోలమైడ్, డయామాక్స్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మామూలుగా రాసేది 125 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, పైకి ఎక్కడానికి ఒకరోజు ముందు నుంచి. షాపుల్లో ఎక్కువగా దొరికేది 250 మాత్ర, అది సగం చేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. వేసుకున్నాక వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రానికి ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది, సోడా తాగితే చప్పగా ఉంటుంది. ఇవి మామూలే, టెన్షన్ వద్దు. ఈ మాత్ర ఒళ్లు అలవాటు పడటానికి సాయం చేస్తుంది. దీన్ని వేసుకుని ఎంత ఎత్తుకైనా దూసుకుపోవచ్చని మాత్రం అనుకోవద్దు.

తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం: ఇవి ఎత్తు పడలేదనడానికి గుర్తులు. అప్పుడు ఇంకా పైకి వెళ్లకూడదు. అదే ఎత్తులో ఆగి, నీళ్లు తాగి, పారాసిటమాల్ వేసుకుని చూడండి. తగ్గకపోతే దిగండి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దగ్గులో నురగ పడుతున్నా, తాగినవాడిలా తూలుతున్నా, మాట తడబడుతున్నా తెల్లారేదాకా చూద్దామనుకోకండి. అర్ధరాత్రయినా బండి తీయించి కిందికి దింపాలి. కాజాలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆక్సిజన్ దొరుకుతుంది. అయినా అసలు మందు కిందికి దిగడమే.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ కరోనా నాటిది అందరి ఇళ్లలో ఉంది కదా, తీసుకెళ్లండి. కానీ 95 లేదని గాభరా పడకండి. కాజాలో ఆరోగ్యంగా తిరిగేవాళ్లకు కూడా 80ల్లో చూపిస్తుంది. మా ఆయన తొలి రాత్రి పది నిమిషాలకోసారి పెట్టి చూసుకుంటుంటే దాన్ని లాక్కుని సంచిలో పెట్టేశాను. అంకె కంటే మనిషిని చూడాలి.

నిద్రమాత్రలు వద్దు, మొదటి రాత్రుల్లో మద్యం ముట్టుకోవద్దు. అక్కడి ఇళ్లలో బార్లీతో కాచినది ఆప్యాయంగా పోస్తారు, వద్దంటే ఏమీ అనుకోరు. బీపీ మాత్రల్లో నీరు తీసే మందు ఉన్నవాళ్లు డయామాక్స్ సంగతి ముందే డాక్టరుతో తేల్చుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని గడ్డకట్టనివ్వకూడదు. రాత్రి రజాయిలో మీ పక్కనే పెట్టుకోండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరు ఒప్పుకుంటేనే. రోజూ వేసుకునే మందులు వారం అదనంగా పెట్టుకోండి, అవి కూడా రెండు సంచుల్లో. మీ బ్రాండు అక్కడ దొరుకుతుందని ఆశపడకండి.

పెదాలు పగలకుండా వాజిలిన్, ముక్కులో పొడారకుండా సెలైన్ చుక్కలు, సన్‌స్క్రీన్, నల్ల కళ్లద్దాలు. అక్కడ ఎండ చల్లగానే ఉంటుంది, రెండు రోజులకు ముఖం తోలు ఊడుతుంది.

బయల్దేరే ముందు ఒక ఆదివారం అమరావతిలో

ఇది ఎవరూ చెప్పరు, నేను మాత్రం అందరికీ చెబుతాను. స్పితికి వెళ్లే ముందు అమరావతి వెళ్లి స్తూపం, మ్యూజియం చూసి రండి. బస్సులో గంట పైచిలుకు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్కడి గొప్ప శిల్పాలు చాలావరకు లండన్‌కీ చెన్నైకీ పోయాయి, మనకు మిగిలినవి తక్కువే. ఉన్నవాటినైనా నిదానంగా చూడండి. కొమ్మ పట్టుకుని నిలబడ్డ మాయాదేవి, సిద్ధార్థుడు రాత్రివేళ కంథకమనే గుర్రం మీద ఇల్లు విడిచి వెళ్లడం, బోధివృక్షం, ధర్మచక్రం, స్తూపం. ఈ గుర్తులు తెలిసిపోతే ఎక్కడ చూసినా బుద్ధుడి కథ చదువుకోవచ్చు. పాత ఫలకాల్లో బుద్ధుడు మనిషిగా కనిపించడు, పాదాలో ఖాళీ సింహాసనమో ఉంటుంది. అదీ గమనించండి.

ఇంకో కారణం కూడా ఉంది. టిబెట్ సంప్రదాయంలో అమరావతి, అంటే పాత ధాన్యకటకం, మామూలు ఊరు కాదు. బుద్ధుడు కాలచక్రమనే తంత్ర బోధన మొదట చేసింది ఇక్కడి స్తూపం దగ్గరేనని వాళ్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా ఇక్కడే కాలచక్ర దీక్ష ఇచ్చారు. ఆ రోజుల్లో మా షాపుకు కూడా ఎర్రబట్టల భిక్షువులు దగ్గు మందు కోసం వచ్చేవారు. అంతకు ముందు 1996లో తాబోలో, 2000లో కీ గొంపాలో కూడా ఆ దీక్ష జరిగింది. కాబట్టి స్పితిలో ఎవరైనా లామా "ఎక్కడి నుంచి" అని అడిగితే ఆంధ్రా అనో హైదరాబాద్ దగ్గర అనో చెప్పకండి. "అమరావతి పక్కన" అనండి. కీ గొంపాలో ఒక పెద్దాయన ఆ మాట విని 2006లో తానూ వచ్చానని చెప్పారు. ఆయనకు బాగా గుర్తున్నది జనవరిలో కూడా పట్టిన చెమట.

తాబో

స్పితిలో ఒక్క గొంపా చూసే వీలుంటే తాబో చూడండి. గట్టు మీద నిలబడి ఫొటోకు పనికొచ్చే కీ, ధన్కర్‌లతో పోలిస్తే బయటి నుంచి ఇది మట్టి గోడల దిబ్బలా ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లు "ఇంతేనా" అంటారు. క్రీ.శ. 996లో పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యపు రాజు, యేషే ఓ అనే ఆయన కట్టించాడు. సంస్కృత గ్రంథాలను టిబెటన్‌లోకి తెచ్చిన రిన్‌చెన్ జాంగ్‌పో పేరు కూడా దీనితో కలిసి వినిపిస్తుంది. 1975 జనవరిలో కిన్నౌర్ భూకంపం వచ్చినప్పుడు ఈ కట్టడాలు దెబ్బతిన్నాయి. తర్వాత పక్కనే కొత్త ప్రార్థనా మందిరం కట్టారు.

పెద్ద గుడి లోపల కరెంటు దీపాలు ఉండవు. పైకప్పులో చిన్న సందు నుంచి వచ్చే వెలుతురే. బయటి ఎండలోంచి వెళ్లగానే ఏమీ కనపడదు. అప్పుడే వెనుదిరిగే జనాన్ని చూశాను. గోడ పక్కన నిలబడి పది నిమిషాలు ఆగండి. మెల్లగా గోడల మీంచి మట్టితో చేసిన విగ్రహాలు బయటికి వస్తున్నట్టు కనిపిస్తాయి, మనిషంత ఎత్తులో, చుట్టూరా 32. మధ్యలో నాలుగు దిక్కులకూ ముఖం పెట్టిన వైరోచన బుద్ధుడు. గుడి మొత్తం ఒక మండలం, అంటే మధ్యలో ఒక బుద్ధుడు, చుట్టూ దేవతలు ఉండే బౌద్ధ పటం. మామూలుగా గుడ్డ మీద గీసే మండలంలోకి మనం నడిచి వెళ్లామన్నమాట. ఐదుగురు బుద్ధుల రంగులు ముందే తెలుసుకుని వెళ్తే పోల్చుకోవచ్చు: వైరోచనుడు తెలుపు, అక్షోభ్యుడు నీలం, రత్నసంభవుడు పసుపు, అమితాభుడు ఎరుపు, అమోఘసిద్ధి ఆకుపచ్చ.

విగ్రహాల కింద గోడ వెంబడి బొమ్మలు నడుస్తాయి. ఒక వైపు బుద్ధుడి జీవితం. అమరావతి చూసి వచ్చినవాళ్లకు ఇక్కడ గైడు అక్కర్లేదు. దక్షిణం గోడ మీద సుధనుడనే కుర్రాడి యాత్ర, గండవ్యూహ సూత్రమనే బౌద్ధ గ్రంథంలోని కథ. జ్ఞానం కోసం ఒక గురువు దగ్గర నుంచి ఇంకో గురువు దగ్గరికి తిరుగుతుంటాడు. సన్యాసులే కాదు, వర్తకులు, ఓడ నడిపేవాడు, స్త్రీలు, పిల్లలు కూడా ఆ గురువుల్లో ఉంటారు. సుధనుడి ఊరు ధాన్యకరం. అది మన ధాన్యకటకమేనని చెప్పిన పండితులున్నారు. ఆ సంగతి తెలిశాక ఆ గోడ ముందు మా ఆయన్ని కదిలించడం నా వల్ల కాలేదు.

లోపల ఫొటోలు తీయనివ్వరు. చీకట్లో చూడటానికి చిన్న టార్చ్ తీసుకెళ్లవచ్చు, కానీ లామాను అడిగి, బొమ్మల మీద ఎక్కువసేపు వేయకుండా వాడండి. మధ్యాహ్నం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చూడండి, వెలుతురు మారితే వేరే బొమ్మలు బయటపడతాయి. గొంపా వాళ్ల గెస్ట్‌హౌస్‌లోనే బస దొరుకుతుంది. తెల్లవారుజామున కొత్త మందిరంలో పూజకు వెళ్లి వెనక కూర్చోవచ్చు.

గొంపాలో మనవాళ్లు చేయకూడనివి

ప్రదక్షిణ మనకు నేర్పక్కర్లేదు. స్తూపమైనా, మంత్రాలు చెక్కిన రాళ్ల గోడైనా కుడివైపు ఉంచుకుని నడవాలి. ప్రార్థన చక్రాలు కూడా అదే దిశలో తిప్పాలి. చెప్పులు బయట, టోపీ తీసి లోపలికి. ఇంతవరకు మన గుడి పద్ధతే.

తేడా వచ్చేది మన భక్తి దగ్గరే. విగ్రహానికి పసుపు కుంకుమ పెట్టకండి. కొబ్బరికాయ, కర్పూరం తేకండి. ఇంటి నుంచి తెచ్చిన అగరొత్తులు వెయ్యేళ్ల బొమ్మల ముందు వెలిగించకండి, ఆ పొగ గోడలకు పట్టేస్తుంది. గోడను తాకి కళ్లకు అద్దుకోవడం అస్సలు వద్దు. తాబో గోడలు మట్టి, ప్రతి చెయ్యీ కాస్త రంగును తీసుకుపోతుంది. ఏదైనా ఇవ్వాలనిపిస్తే హుండీలో వేయండి, లేదా దీపాలకు వెన్న కోసమని లామా చేతికి ఇవ్వండి. సాష్టాంగ నమస్కారం చేసుకోవచ్చు, వాళ్లూ చేస్తారు.

లోపల వరసగా ఉండే పొట్టి బల్లల వెనక పరుపులు లామాలవి, ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు. గోడ పక్కన చాప మీద కూర్చోండి, కాళ్లు బుద్ధుడి వైపు చాపకండి. పూజ మధ్యలో బూరలు, డప్పులు ఒక్కసారిగా మోగుతాయి. పసిపిల్లలుంటే ద్వారం దగ్గర కూర్చోవడం మేలు. చిన్న భిక్షువుల చేతుల్లో చాక్లెట్లు పెట్టి ఫొటోలు తీసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది వాళ్ల బడి.

వెన్న టీ ఇస్తారు. ఉప్పగా ఉంటుంది. టీ అనుకుని తాగితే మింగుడు పడదు, పలచటి సూప్ అనుకోండి. సగం తాగితే మళ్లీ నింపుతారు. చాలనుకుంటే ఉన్నదాన్ని అలాగే ఉంచి, లేచేముందు తాగేయండి. పెద్ద లామాలను "లామాజీ" అంటే సరిపోతుంది. దారిలో ఎవరు ఎదురైనా "జూలే" అనాలి. పలకరింపుకూ, థాంక్స్‌కూ, వెళ్లొస్తానికీ అదే.

మిగతా గొంపాలు

ధన్కర్ ఒకప్పటి స్పితి రాజధాని. స్పితి, పిన్ నదులు కలిసే చోట కోసుకుపోయిన మట్టి గట్టు అంచు మీద, 3,890 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. పాత కట్టడం బలహీనపడింది. 2006లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న 100 కట్టడాల జాబితాలో చేర్చారు. గుంపుగా ఎక్కకండి. పైన చెరువుకు గంటకు పైగా నడక. తాబో నుంచి కాజా వెళ్లే రోజునే ధన్కర్ చూడొచ్చు.

కీ గొంపా 4,166 మీటర్ల మీద. పగలు పదకొండు దాటితే జనం. పొద్దున పూజకు వెళ్లండి, అదే బాగుంటుంది. టిబెట్ బౌద్ధంలో కొన్ని శాఖలున్నాయి: కోమిక్‌లో ఉన్నది శాక్య శాఖ గొంపా, పిన్ లోయలో కుంగ్రీది న్యింగ్మా. తాబో, ధన్కర్, కీ మూడూ దలైలామా వర్గమైన గెలుగ్. కుంగ్రీలో న్యింగ్మా వాళ్ల ఆదిగురువు పద్మసంభవుడి విగ్రహానికి ఉన్న ప్రాధాన్యం మిగతాచోట్ల అంతగా కనిపించదు. కుంగ్రీకి జనం తక్కువ వెళ్తారు, ఒక పగలు అటు కేటాయించండి. ఏ గొంపాలో అయినా తల వెనక పాము పడగలున్న భిక్షువు బొమ్మ కోసం వెతకండి. అది ఆచార్య నాగార్జునుడిది కావచ్చు, లామాను అడిగితే చెబుతారు. మన నాగార్జునకొండ పేరు ఆయనదే.

లాంగ్జాలో పిల్లలు శంఖంలా చుట్టుకున్న రాళ్లు అమ్ముతారు. హిమాలయాలు లేవక ముందు అక్కడున్న టెథిస్ సముద్రపు జీవుల శిలాజాలవి. కొనకండి. హిక్కిం పోస్టాఫీసు 4,400 మీటర్ల మీద 1983 నుంచి నడుస్తోంది. ఇంటికి కార్డు వేయండి. మీ తర్వాత చేరుతుంది.

తిండి, బట్టలు, తదితరాలు

కాజాలో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకుండా వండిన అన్నం పలుకుగా ఉంటుంది, పప్పు ఉడకదు. థుక్పా (నూడుల్స్ వేసిన సూప్), మోమోలు, రొట్టె తినండి. కందిపొడి, నెయ్యి తీసుకెళ్లడం తెలివైన పని. గోంగూర పచ్చడి డబ్బా నిండుగా నింపితే పైకి ఎక్కేకొద్దీ లోపలి గాలి ఉబ్బి నూనె బయటికి తంతుంది. సగం నింపి, రెండు కవర్లలో కట్టండి. చిప్స్ ప్యాకెట్లు బంతుల్లా ఉబ్బుతాయి, పిల్లలకు అదో సరదా.

చలికాలంలో మన ఊళ్లలో రోడ్డు పక్కన టిబెటన్లు అమ్మే స్వెట్టర్లుంటాయి కదా, అవి చాలు. లోపల థర్మల్, మధ్యలో స్వెట్టర్, పైన గాలి దూరని జాకెట్. ఒక్క లావు కోటు కంటే ఈ మూడు పొరలు మేలు. ఆడవాళ్లకు చీర వద్దు, పంజాబీ డ్రెస్సు మీద జాకెట్ వేసుకోండి. దారిలో గంటల తరబడి మరుగుదొడ్డి కనపడదు. ఒక దుప్పటి చాటు, శానిటరీ సామాను, వాడినవి తిరిగి తెచ్చుకోవడానికి కవర్లు చేతి సంచిలోనే ఉండాలి. ఊళ్లలో చాలావరకు నీళ్లు లేని మరుగుదొడ్లు, పక్కనున్న మట్టి కింద వేసి రావాలి. ఆ ఎరువుతోనే వాళ్ల పొలాలు పండుతాయి.

కాజాలో ఏటీఎం ఉంది, ఒక్కోరోజు డబ్బులుండవు. నగదు తెచ్చుకోండి. ఫోను సిగ్నల్ కాజా దాటితే నమ్మకం లేదు, బీఎస్ఎన్ఎల్ సిమ్ ఒకటి ఉంటే మంచిది. ఇంట్లో పెద్దవాళ్లకు "రెండు రోజులు ఫోను రాకపోయినా కంగారు పడొద్దు" అని ముందే చెప్పి వెళ్లండి.

దిగేటప్పుడు

ఇన్ని రాత్రులు పైన ఉన్నాక కుంజుమ్ కనుమ మిమ్మల్ని ఏమీ చేయదు. లోసర్ ఊరు దాటి 4,550 మీటర్ల పైకి ఎక్కాక అక్కడ కుంజుమ్ దేవి గుడి ఉంటుంది. డ్రైవర్ బండితో సహా ప్రదక్షిణ చేయిస్తాడు. చంద్రతాల్ చూడాలనుకుంటే ఇప్పుడు చూడండి, రాత్రి ఉన్నా ఫర్వాలేదు. బాతాల్ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు పేరుకే. వాగులు రోడ్డు మీదుగానే పారతాయి, మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. కాబట్టి కాజా నుంచి తెల్లవారకముందే బయల్దేరాలి.

ఢిల్లీ నుంచి విజయవాడకు తిరుగు రైలు టికెట్ 60 రోజుల ముందు దొరుకుతుంది. మనాలి చేరాల్సిన తేదీకి కనీసం రెండు రోజులు కలిపి బుక్ చేయండి. రోడ్డు మూసుకోకపోతే ఆ రెండు రోజులు మనాలిలో వేడినీళ్లతో స్నానాలు చేసి బట్టలు ఉతుక్కోవచ్చు.